మంచి కాలు

బట్టల మిల్లులో పరీక్ష బల్ల దగ్గర పని చేయడానికి ఎత్తు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. అయినా అక్కడ ఆరడుగుల ఆడమనిషి ఒకామె నిలబడి ఉండేది. ఆమెను అందరూ నిచ్చెన అనేవాళ్ళు. మొదట్లో చాటున అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అన్నారు, ఇప్పుడు హాజరు వేసే గుమాస్తా కూడా అలాగే పిలుస్తున్నాడు. మిల్లు వాలీబాల్ జట్టులో వల దగ్గర చేతులెత్తి అవతలివాళ్ళు కొట్టే బంతుల్ని ఆపడం ఆమె పని. ఎనిమిదేళ్ళు ఆపింది. పది నెలల క్రితం ఒకసారి గాల్లోంచి దిగుతుంటే కుడి మోకాలు లోపలికి మడత పడింది. ఆ చప్పుడు పక్క కోర్టులో ఆడుతున్నవాళ్ళకి కూడా వినబడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమెకి మాత్రం వినబడలేదు, కాలు తనది కాకుండా పోయినట్టు అనిపించిందంతే.

తొడ వెనక నుంచి కండరపు తాడు ఒకటి తీసి, మోకాలిలో తెగిన లిగమెంటు స్థానంలో బిగించారు. తర్వాత రెండు నెలలు కర్రలు, ఆ తర్వాత కుంటి నడక, ఆ తర్వాత మెట్లు. ఆటగాళ్ళకి మిల్లులో పొద్దుట ఎనిమిది నుంచి రెండింటి వరకే పని. రెండింటికి మైదానంలో ఈల వేస్తే ఏప్రాన్ విప్పేసి పోవచ్చు. ఆమె కూడా రెండింటికి విప్పేది, కానీ మైదానానికి కాదు, వ్యాయామం చేయించే ఫిజియో మేడమ్ గదికి పోయేది. ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు. అయితే ఒక టోర్నమెంటు మొత్తం ఆడకపోతే జట్టు పుస్తకంలోంచి పేరు కొట్టేస్తారు. కొట్టేసిన పేరు మళ్ళీ ఎక్కడం ఆ మిల్లులో ఎవరూ చూడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళది అసలే చూడలేదు, ఆమెకి వచ్చే నెలకి ఇరవై తొమ్మిది.

మంగళవారం పదకొండు గంటలకి కోచ్ పరీక్ష గదిలోకి వచ్చాడు. మైదానం వదిలి మిల్లు లోపలికి వచ్చే మనిషి కాడాయన. నూలు దుమ్ము పడదని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె ఆయన వైపు చూసి నవ్వింది గానీ పని ఆపలేదు. పరీక్ష బల్ల అంటే గాజు బల్ల, కింద దీపాలు. ఒకవైపు నుంచి బట్ట వస్తూ, గాజు మీదుగా జారి, ఇంకోవైపు చుట్టుకుంటూ ఉంటుంది. తెగిన పోగు కనిపిస్తే కాలితో మీట నొక్కి బట్ట ఆపాలి, తప్పు చుట్టూ సుద్దతో గీయాలి, అంచున ఎర్రదారం ముడి వేయాలి. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మీట ఎడమ కాలితోనే నొక్కుతోంది. పక్కన స్టూలు మీద పిన్ని కూర్చుని ఉంది. ఆవిడ ఎవరికీ పిన్ని కాదు, కానీ అందరికీ పిన్నే. పన్నెండేళ్ళ క్రితం జట్టులో బంతి ఎత్తి ఇచ్చే స్థానం ఆవిడది. మోకాలు ఆపరేషన్ అయ్యాక ఏడో నెలలోనే మళ్ళీ ఆటలోకి దిగింది, దిగిన వారానికి అదే మోకాలు మళ్ళీ పోయింది. ఆ గదిలో కూర్చుని పని చేసే హక్కు ఆవిడ ఒక్కదానికే ఉంది.

"సోమవారం మధ్యాహ్నానికి టోర్నమెంటు జాబితా పంపాలి," అన్నాడు కోచ్. "నీ పేరుకి ఒక గడి ఖాళీగా ఉంచాను. శుక్రవారం కాలి పరీక్ష పాసైతే అందులో నువ్వు. లేకపోతే ఇంకొకళ్ళు."

"ఇంకొక్క రెండు నెలలు ఉంటే సార్..."

"నెలలు నా జేబులో ఉండవమ్మా. పోయినసారి ఎంత వచ్చింది?"

"ఎడమది నూట నలభై ఎనిమిది. కుడిది నూట పదిహేడు."

ఆ పరీక్ష సంగతి మిల్లులో ఆటగాళ్ళందరికీ తెలుసు. గీత మీద ఒంటికాలితో నిలబడి ముందుకి దూకాలి, అదే కాలి మీద దిగి రెండు అంకెలు లెక్కపెట్టేదాకా కదలకూడదు. ఎన్ని సెంటీమీటర్లు దూకారో కొలుస్తారు. ఆపరేషన్ అయిన కాలు, మంచి కాలు దూకినదాంట్లో నూటికి తొంభై వంతులైనా దూకాలి. కోచ్ నోట్లోనే లెక్క కట్టుకుని పెదవి విరిచాడు.

"కుడిది మూడు రోజుల్లో పెరగదు. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు," అన్నాడు. రుమాలు తీసి మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అయినా ఎడమ కాలికి మరీ అంత పౌరుషం దేనికి?"

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఆయన తలుపు దాకా వెళ్ళిపోయాడు. ఆయన వీపు చూస్తూ నిలబడింది. గాజు మీద బెత్తెడు పొడవున తెగిన పోగు ఒకటి ఆమె ముందు నుంచే దర్జాగా వెళ్ళిపోయింది. పిన్ని వంగి తన వైపు మీట నొక్కింది, చుట్టుకున్న బట్టని చేత్తో వెనక్కి లాగింది, సుద్దతో గీసి ఎర్రదారం కట్టింది. ఏమీ అనలేదు. మామూలుగా ఒక తప్పు జారిపోతే పది నిమిషాలు సాధించే మనిషి.

నిచ్చెన ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, నాన్న. నాన్న వడ్రంగి. ఇంటి ముందు రేకుల కింద ఆయన పని, లోపల వసారాలో ఆమె వ్యాయామం. మోకాలి కోసం మేడమ్ చెప్పిన మెట్టుపీట, అటూ ఇటూ ఊగే పలక ఆయనే చేసి ఇచ్చాడు. కొలతలు మేడమ్ కాగితం మీద గీసిస్తే, "ఈవిడ చదువుకున్నది ఒంటి పని గానీ కొయ్య పని కాదు," అని నవ్వుకుని, కాగితం పక్కన పడేసి కూతురి పాదం కొలుచుకుని చేశాడు. పిన్ని స్టూలు కూడా ఆయన చేసిందే.

వసారాలో అడుగు పొడవు పలకరాళ్ళు పరిచి ఉన్నాయి. అంటే ముప్పై సెంటీమీటర్లు. మామూలుగా దూకితే ఎడమ కాలు ఐదో రాయి చివర దాకా పోతుంది. కుడిది నూట ఇరవై అనుకుంటే, అది తొంభై వంతులు దాటాలంటే ఎడమది నూట ముప్పై దగ్గర ఆగాలి. అంటే నాలుగు రాళ్ళు, ఆ పైన నాలుగు వేళ్ళు. బుధవారం పొద్దున పనికి పోయే ముందు మొదలుపెట్టింది. తక్కువ దూకడం తేలికనుకుంది. కానీ ఒంటికి అలవాటైన పనిని సగంలో ఆపడం అంత తేలిక కాదు. మొదటిసారి ఐదో రాయి మీదే పడింది. రెండోసారి మరీ తగ్గి మూడున్నర దగ్గర కూలబడినట్టు దిగింది, అది చూస్తే చిన్నపిల్లలు కూడా దొంగతనం అని చెప్పేస్తారు. పూర్తిగా దూకినట్టు కనబడాలి, చేతులు ఊగాలి, మొహంలో కష్టం కనబడాలి, దిగేది మాత్రం నాలుగు రాళ్ళ నాలుగు వేళ్ళ దగ్గరే దిగాలి. గురువారం సాయంత్రానికి ఇరవై సార్లలో పద్దెనిమిది సార్లు అక్కడే దిగింది.

నాన్న చిత్రిక పట్టడం ఆపి గుమ్మంలోంచి చూశాడు.

"సాధన చేయాల్సింది కుడిదానికి కదమ్మా?"

"దీనికి కూడా కావాలి నాన్నా," అంది రాళ్ళ వైపు చూస్తూ.

ఆయన చిత్రిక గుమ్మం పక్కన పెట్టాడు. "మా గురువు దగ్గర ఒకడుండేవాడు," అన్నాడు. "స్టూలుకి ఒక కాలు పొట్టిదైందని మిగతా మూడూ కోశాడు. అవి ఇంకాస్త ఎక్కువ తెగాయి. మళ్ళీ మొదటిది కోశాడు. అలా కోసుకుంటూ పోతే చివరికి పీట మిగిలింది. గురువు దాని మీదే కూర్చుని అన్నం తిన్నాడు, వాణ్ణి ఒక్క మాట అనలేదు."

ఈ కథ ఆమె వందసార్లు విన్నది. ఎప్పుడూ నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. ఆయనకేమైనా తెలిసి అన్నాడో, ఊరికే అన్నాడో కూడా తెలియలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

శుక్రవారం రెండున్నరకి ఫిజియో మేడమ్ నేల మీద టేపు అతికించింది. సన్నగా, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడేసుకుని ఉంటుంది. ఎక్కువ మాట్లాడదు. పది నెలల్లో నిచ్చెన కాలు ఆవిడ చేతుల్లో ఉన్నంత సేపు ఇంకెవరి చేతుల్లోనూ లేదు. మొదటి రోజుల్లో మోకాలు వంచుతుంటే నొప్పికి ఆవిడ భుజం కొరికేసిందొకసారి. ఆవిడ తిట్టలేదు, మర్నాడు భుజం మీద మందంగా తువ్వాలు మడిచి వేసుకుని వచ్చింది. ఆ మనిషిని మోసం చేయబోతూ నిచ్చెన ఆవిడ భుజం వైపు చూడకుండా గీత దగ్గర నిలబడింది.

కోచ్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ముందు ఎడమ," అంది మేడమ్.

దూకింది. నూట ముప్పై ఒకటి. రెండోసారి నూట ఇరవై తొమ్మిది. మూడోసారి నూట ముప్పై. తర్వాత కుడి కాలు. దాని దగ్గర దొంగతనం లేదు, ఉన్న శక్తంతా పెట్టి దూకింది. నూట పదహారు, నూట ఇరవై, నూట పంతొమ్మిది. మూడింట్లో ఎక్కువ వచ్చిందే లెక్క. నూట ముప్పై ఒకటికి నూట ఇరవై.

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని కార్డు మీద భాగహారం చేసింది. తర్వాత కార్డు తిప్పి వెనక ఉన్న పోయిన నెల అంకెలు చూసింది. నిచ్చెన గోడకి వేసిన కండరాల బొమ్మని చూస్తూ నిలబడింది.

"తొంభై ఒకటిన్నర," అంది మేడమ్.

"పాసేగా?" అన్నాడు కోచ్.

ఆవిడ వేలితో టేపు చూపించింది. "మూడు దూకులూ ఒకే చోట పడ్డాయి," అంది నిచ్చెనతో, మెల్లగా. "కుడిది చూడు, తలో చోటా పడింది. నిజంగా దూకే కాలు అలా పడుతుంది. ఎడమది కుట్టుమిషను కుట్టినట్టుంది."

నిచ్చెన టేపు వైపు చూసింది. అడిగితే చెప్పేద్దాం అనుకుంది. గట్టిగా ఒక్కమాట అడిగితే చాలు. మేడమ్ అడగలేదు.

"నువ్వు దూకింది నేను రాస్తాను," అంది. "దూకనిది రాయడానికి ఈ కార్డులో గడి లేదు." సంతకం పెట్టి కాగితం చింపి ఇచ్చింది. కోచ్ అది అందుకుని చొక్కా జేబులో పెట్టుకుని, నిచ్చెన వీపు తట్టి ఈల వేసుకుంటూ వెళ్ళాడు. ఆమె షూ లేసులు కట్టుకోవడానికి చాలా సేపు పట్టింది. పాసైనందుకు సంతోషం వస్తుందని చూసింది, రాలేదు. దొరికిపోతానేమో అని నాలుగు రోజులు భయపడింది. దొరికీ దొరకనట్టు వదిలేస్తే ఇంత ఒంటరిగా అనిపిస్తుందని అనుకోలేదు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి ఈల వేశారు. పది నెలల తర్వాత ఆమె ఏప్రాన్ విప్పి మైదానం వైపు నడిచింది. జట్టువాళ్ళు చుట్టూ మూగారు. "నిచ్చెన దిగింది, ఇక మనం ఎక్కొచ్చు," అని ఒకతె ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. బంతి చేతిలోకి తీసుకుని వాసన చూసింది. ఆ తోలు వాసనకి కళ్ళు చెమ్మగిల్లాయి, దుమ్ము పడినట్టు రుద్దుకుంది.

ఆరుగురు ఇటు, ఆరుగురు అటు. అవతలివైపు బంతి పైకి లేచింది. పక్కకి రెండడుగులు వేసి, వంగి, చేతులెత్తి లేచింది. ఎనిమిదేళ్ళు చేసిన పని, ఆలోచించాల్సిన అవసరమే లేదు. కానీ వేళ్ళు వల పైన ఇంతే ఇంత కనబడి ఆగిపోయాయి. బంతి వాటి మీదుగా పోయి వెనక పడింది. మొదటిది కదా అనుకుంది. రెండోది కూడా అలాగే పోయింది. మూడోసారి తనకే తెలిసింది. కుడి మోకాలు నొప్పిగా లేదు, అది తన వంతు చేస్తోంది. ఎడమ కాలే లేవడం లేదు. నేలని తన్నే క్షణంలో ఎవరో చెయ్యి పట్టి వెనక్కి లాగినట్టు సగంలో ఆగుతోంది. నాలుగు రాళ్ళు, నాలుగు వేళ్ళు.

నాలుగోసారి కోపంతో లేచింది. గాల్లో వంకరయింది. దిగేటప్పుడు ఎడమ కాలు ఆలస్యంగా తగిలి బరువంతా కుడి కాలి మీద పడింది. మోకాలు లోపలికి ఇంతే ఇంత, గింజంత కదిలి, మళ్ళీ నిలబడింది. బయటికి ఎవరికీ కనబడలేదు. ఆమెకి మాత్రం తెలిసింది. పది నెలల క్రితం పోయిన దారి అదే, మోకాలు ఇవాళ ఆ దారి చూపించి వెనక్కి వచ్చింది.

పక్కకి వచ్చి నిలబడింది. "సార్, ఇంకా సరిగ్గా లేదనిపిస్తోంది."

"నిన్న ఉంది, ఇవాళ లేదా?" అన్నాడు కోచ్. ఆయన కంఠంలో కోపం లేదు. జేబు మీద చెయ్యి వేసి చూపించాడు. "కాగితం నా దగ్గరుంది. కాలు బాగుంది, నీకున్నది భయం. రెండు ఆటలు ఆడితే అదే పోతుంది. ఇప్పుడు నువ్వు కాదంటే సంతకం పెట్టిన మేడమ్ మీదకి పోతుంది, ఆలోచించుకో." ఈల నోట్లో పెట్టుకున్నాడు. "వెళ్ళు, వెళ్ళు."

ఆమె వెళ్ళింది. సాయంత్రం వరకూ ఎగిరినట్టు నటిస్తూ ఆడింది.

ఆదివారం పొద్దున వసారాలో మొదటి రాయి అంచు దగ్గర నిలబడింది. పూర్తిగా దూకాలి, అంతే. ఎవరూ చూడడం లేదు, ఎవరూ రాయడం లేదు. చేతులు వెనక్కి తీసి, శ్వాస పట్టి, ఎడమ కాలితో దూకింది. నాలుగు రాళ్ళ మీద నాలుగు వేళ్ళ దగ్గర దిగింది. మళ్ళీ దూకింది. మళ్ళీ అక్కడే. ఆరోసారి దిగాక అక్కడే నేల మీద కూర్చుని, రెండు చేతులతో ఎడమ పిక్క పట్టుకుని ఏడ్చింది. కుడి కాలికి ఆపరేషన్ అయినప్పుడు కూడా అలా ఏడవలేదు. అప్పుడు కనీసం ఇంకో కాలు ఉందన్న ధైర్యం ఉండేది.

నాన్న వచ్చి మెట్టుపీట మీద కూర్చున్నాడు. ఆమె అంతా చెప్పింది. పౌరుషం మాట, రాళ్ళు, వేళ్ళు, కుట్టుమిషను, అంతా. ఆయన చెవి వెనక పెన్సిల్ తీసి చూసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"కళ్ళ ముందు గీత కనబడుతున్నంతసేపూ చెయ్యి ఆ గీతకే పోతుంది తల్లీ," అన్నాడు. "బయటికి రా. మట్టిలో దూకు. అక్కడ గీతలు లేవు."

పెరట్లో నేల తడిగా, గట్టిగా ఉంది. మొదటి రెండు సార్లు అటూ ఇటూగా పడింది. మూడోసారి మడమ మట్టిలో దిగిన తీరులో ఏదో తేడా తెలిసింది. ఇంకా దూకింది. నాన్న గోడకి ఆనుకుని బీడీ కాల్చుకుంటూ చూస్తున్నాడు.

"ఎంత నాన్నా?"

"నేను కొలవలేదు."

ఆయన చేతిలో కొలత కర్ర లేకుండా చూడడం అదే మొదటిసారి. ఆమె మట్టిలో పడిన అడుగుల వైపు చూసింది. అన్నీ తలో చోటా ఉన్నాయి. వాటినలా చూస్తూ నిలబడి ఉండగానే, రేపు ఏం చేయాలో ఆమెకి తెలిసిపోయింది.

సోమవారం ఏడున్నరకి ఫిజియో గది ఇంకా తుడుస్తున్నారు. మేడమ్ సంచీ కూడా దించలేదు.

"మళ్ళీ కొలవండి మేడమ్."

"పాసయ్యావు కదా."

"మీ సంతకానికి ఏమైనా అవుతుందేమో..."

"నా సంతకం సంగతి నేను చూసుకుంటాను. శుక్రవారం దూకింది శుక్రవారం రాశాను. ఇవాళ దూకింది ఇవాళ రాస్తాను." సంచీ దించి, టేపు తీసి, మోకాళ్ళ మీద వంగి నేలకి అతికించింది. "కుడి ముందా, ఎడమ ముందా?"

"కుడి."

నూట పదిహేను, నూట పద్దెనిమిది, నూట పదహారు. తర్వాత ఎడమ కాలి మీద నిలబడింది. టేపు వైపు చూడకుండా ఎదురుగా కిటికీ వైపు చూసింది. కిటికీ బయట మైదానం, వల కట్టని రెండు స్తంభాలు. కుడి మోకాలు గాల్లో వంచి, చేతులు వెనక్కి తీసి, దూకింది. నేల వదిలిన క్షణంలోనే తెలిసింది, కాలు తనదే. గాల్లో ఉన్న ఆ కాస్త సేపూ సంతోషంగా ఉంది, అది దాచుకోవాల్సిన సంతోషం కూడా కాదు. దిగింది. ఒకటి, రెండు. మూడు, నాలుగు కూడా లెక్కపెట్టింది, కదల్లేదు.

మేడమ్ మడమ దగ్గర వేలు పెట్టి అంకె చూసింది. కళ్ళజోడు సరిచేసుకుని మళ్ళీ చూసింది.

"నూట యాభై ఒకటి. ఆపరేషన్‌కి ముందు కూడా నీకింత రాలేదు."

నిచ్చెన అలాగే ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"మిగతా రెండూ దూకక్కర్లేదు," అంది మేడమ్. "నూటికి డెబ్భై ఎనిమిది. ఇది రాస్తే ఏమవుతుందో తెలుసుగా?"

"రాయండి."

ఆవిడ రాసింది. కలం మూత పెట్టి, కార్డు మీద చెయ్యి అలాగే ఉంచింది. "పేరున్నా లేకపోయినా షిఫ్టు అయ్యాక రా," అంది. "నేను ఆరింటి దాకా ఉంటాను."

తొమ్మిదింటికి కోచ్ పరీక్ష గదికి వచ్చాడు. ఈసారి రుమాలు కూడా అడ్డం పెట్టుకోలేదు. "నిన్నెవరు దూకమన్నారు?" అన్నాడు. ఆమె మీట నొక్కి బట్ట ఆపి, ఆయన వైపు తిరిగింది. "ఎవరూ అనలేదు సార్," అంది. ఆయన చొక్కా జేబులోంచి శుక్రవారం కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి, తుక్కు నూలు వేసే బుట్టలో వేసి వెళ్ళిపోయాడు. పదిన్నరకి గుమాస్తా వచ్చి, జట్టు పుస్తకంలో పేరు కొట్టేశారని, ఇవాళ్టి నుంచి ఆమెకి కూడా సాయంత్రం దాకా పూర్తి షిఫ్టని చెప్పి సంతకం తీసుకున్నాడు. ఎనిమిదేళ్ళు, అంది మనసులో. ఇంకేమీ అనుకోలేకపోయింది.

బట్ట వస్తూనే ఉంది. రెండింటికి మైదానంలో ఈల మోగింది. ఆమె చేతులు వాటంతట అవే వెనక్కి పోయి ఏప్రాన్ ముడి విప్పేశాయి. విప్పాక గుర్తొచ్చింది. ఒక క్షణం రెండు కొసలూ పట్టుకుని నిలబడి, మళ్ళీ ముడి వేసుకుంది.

పిన్ని అది చూసింది. తన స్టూలు కొంచెం దగ్గరికి జరుపుకుంది.

"ఎంత దూకావు?" అంది, బట్ట మీంచి కళ్ళు తీయకుండా.

"నూట యాభై ఒకటి."

పిన్ని మీట నొక్కింది. పోగేమీ తెగలేదు, ఊరికే నొక్కింది. బట్ట ఆగింది. గాజు కింది వెలుగు ఆవిడ మొహం మీద పడింది.

"నా పరీక్ష రోజు మంచి కాలితో నేను నూట ఇరవై దగ్గర ఆగాను," అంది. "ఆగమన్నారు, ఆగాను. నాది నిజానికి నూట నలభై మూడు. పన్నెండేళ్ళలో నన్నెవరూ అడగలేదు."

తర్వాత మీట మీంచి కాలు తీసింది. బట్ట మళ్ళీ కదిలింది.